దోషం పట్టని చెయ్యి

2024 వానకాలం. హనుమకొండలో నేను పనిచేసే ఫిజియోథెరపీ సెంటరుకు ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు సాఫ్ట్ రోబో తెచ్చి, కొన్నాళ్లు వాడి చూడమన్నారు. రోబో అనగానే ఇనుప చెయ్యి అనుకుంటాం. ఇది గుడ్డతో కుట్టిన చొక్కా. చంక కింద గాలిసంచి ఉంటుంది. రోగి చెయ్యి ఎత్తబోతే సెన్సర్ పసిగడుతుంది, సంచిలోకి గాలి చేరి చేతి బరువు మోస్తుంది. రోగి పూనుకోకపోతే అదీ కదలదు. బైబిల్లో మోషే ఎత్తిన చేతులు బరువెక్కినప్పుడు ఇద్దరు మనుషులు చెరోపక్క నిలబడి ఆనిక పట్టిన సంగతి, డోర్నకల్‌లో పాస్టరుగా చేసిన మా నాన్న ఎన్నోసార్లు బోధించారు. ఆ చొక్కాను చూస్తే నాకదే గుర్తొచ్చేది.

దాన్ని మొదట తొడిగింది సరోజనమ్మకు. వరంగల్ బజార్లో ఆమెది గాజుల దుకాణం. స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. కుడి చెయ్యి బాగుంది కదా అని ధైర్యం చెప్పబోయాను.

"గాజు ఎక్కించేది కుడి చెయ్యే బిడ్డా. ఎదుటిదాని చెయ్యి ఒత్తి మెత్తగ చేసేది ఎడమది. అది లేకుంటే నేను గాజులు తొడిగేదాన్ని గాదు, డబ్బాలందిచ్చేదాన్ని."

కోడలు లావణ్య చేతికి ఒకసారి ప్రయత్నించిందట. ఎడమ వేళ్లు బిగుసుకుపోయి గాజు చిట్లింది, రక్తం వచ్చింది. అప్పటినుంచి ఎవరి చెయ్యీ ముట్టలేదు. దుకాణంలో ప్లాస్టిక్ సామాను పెడదామని కొడుకు అంటున్నాడు.

స్ట్రోక్ తర్వాత చెయ్యి ఎత్తే కష్టానికి చాలామందికి వేళ్లు ముడుచుకుంటాయి. దాన్ని స్పాస్టిసిటీ అంటాం. చొక్కా బరువు మోయడంతో ఆమె వేళ్లు కొంచెం కొంచెంగా వదులయ్యాయి. మెత్తని బంతి ఒత్తగలిగింది. కానీ మనిషి చెయ్యి పట్టుకోమంటే ససేమిరా అంది.

"నా చెయ్యి పట్టుకో అత్తమ్మా. పగిల్తే పగిలె. ఒక్క గాజుకు ఇంత ఫికరా?" అంది లావణ్య.

"గాజు గురించి గాదే. నీ పెనిమిటి నా కొడుకే గద."

తర్వాత నా మణికట్టు వైపు చూసింది. "నీకు ఇంటాయన ఉన్నడంటివి. బోసి చేతులేంది?"

"మా సంఘంలో ఆడవాళ్లం గాజులు, నగలు వేసుకోమమ్మా. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి నేనూ అంతే."

"అంటే నీ చేతిల పగిలినా దోషం లేదు."

"మాకు ఆ పట్టింపు లేదు."

"మరైతే చెయ్యియ్యి."

నేను వెంటనే ఇవ్వలేదు. ఆ నియమాన్ని ఇష్టంగా పాటించాను, తేలిగ్గా తీసుకోలేను. మనసులోనే ప్రార్థన చేసుకున్నాను. ప్రభువు పనికని నగలు వదిలిన చేతిని ఆయన పనికే ఇవ్వకుండా దాచుకోవడం నాకు న్యాయమనిపించలేదు.

"ఎక్కించింది మళ్ల తియ్యాలె మరి," అన్నాను.

"తీసుడే అసలు పని. ఇంకా ఎక్కువ ఒత్తాలె." నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "రెండు ఆరు సైజు," అంది.

లావణ్య దుకాణం నుంచి తెచ్చిన గాజుల డబ్బా తెరిచింది. చొక్కాలో గాలి నిండింది. ఆమె ఎడమ వేళ్లు నా కణుపుల మీద పడ్డాయి. మొదటి గాజు చిట్లి చర్మం గీసుకుంది. ఆమె ముఖం పాలిపోయింది.

"ఏం గాలేదమ్మా. మా ఆయన మంచిగనే ఉన్నడు. ఇంకోటి తియ్యి."

"ఒకసారి ఫోన్ చేసి అడుగురి మేడమ్," అంది లావణ్య. సరోజనమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతో వేళ్ల బిగువు సడలినట్టుంది, రెండో గాజు నా చేతికి జారింది.

ఆదివారం చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ సంగతి దాచకుండా చెప్పాను. ఎవరేమంటారోనని బెదిరాను. సంఘమంతా ఆమె పేరు ఎత్తి ప్రార్థించింది.

ఆమె వచ్చినప్పుడల్లా నా చేతికి గాజు ఎక్కేది, దిగేది. ఒకరోజు చొక్కా లేకుండానే కోడలి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. ఆకుపచ్చ గాజులు రెండు చేతులకూ నిండుగా ఎక్కాయి. ఒక్కటీ పగల్లేదు. ఇప్పటికీ ఆమె ఎడమ చెయ్యి తొందరగా అలసిపోతుంది, కానీ దుకాణంలో తన గద్దె మీద తనే కూర్చుంటోంది.

చొక్కా ఆమె చేతి బరువు మోసింది. భయాన్ని మోయడానికి ఒక మనిషి చెయ్యి కావలసి వచ్చింది. అది నాది కావడం దేవుని దయ. ఇప్పుడు కొత్త రోగి వస్తే, చెయ్యి ఎంత ఎత్తగలరో కొలిచే ముందు, ఆ చేత్తో ఎవరి చెయ్యి పట్టుకోవాలనుందో అడుగుతాను.