డీకాఫ్ అంటే డికాక్షనే కదా!

ఆ రోజుల్లో మందమర్రి కాలనీలో అందరిదీ చాయ్ బతుకే. కాఫీ పిచ్చి మా బాపు ఒక్కడిది. బావిలో (బొగ్గు గనిని మా వైపు బావి అనే అంటాం) ఆయనతో పనిచేసిన తమిళాయన అంటించిన అలవాటది. ఆయన రిటైరై వెళ్ళిపోతూ ఇత్తడి ఫిల్టరు కూడా మా ఇంట్లో వదిలిపోయాడు. నేనప్పుడు డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం రాక, ఇంట్లోనే ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పే కొలువులో ఉండేదాన్ని. జీతం లేదు, సెలవు అంతకన్నా లేదు.

ఒక వానాకాలం బాపుకి గుండె దడ పట్టుకుంది. మళ్ళీ పరీక్ష చేసేనాటికి తగ్గకపోతే బావిలోకి దిగనివ్వరనీ, పైన తేలిక పనికి వేస్తారనీ డాక్టరు చెప్పాడట. బాపుకి అది తల కొట్టేసినంత పని. "పైన కూసోని చెట్లకు నీళ్లు పోసుడా? గంత కంటె ఇంట్ల పండుకునుడు నయం!" అంటూ వచ్చాడు. ఆ కోపంలోనే మిగతాదీ చెప్పాడు. "కాఫీ బందట. మనసు ఆగకుంటె డీకాఫ్ తాగుమన్నడు."

"గదేంది?" అంది అవ్వ (మా వైపు నాన్న బాపు, అమ్మ అవ్వ).

"డీకాఫ్ అంటె డికాక్షనే గదనే! పాలు, చక్కెర వద్దంటుండు."

ఇద్దరూ నా వైపు చూశారు. పెద్ద మాటల్ని కుదించి పలకడం డాక్టర్లకు అలవాటే కనుక నేనూ తలూపాను (డిగ్రీ ఉన్న తల).

ఇక మందు మొదలైంది. మందు కదా అని అవ్వ చిక్కగా దించేది, మందు కదా అని బాపు కళ్ళు మూసుకుని గ్లాసెడు మింగేవాడు. దడ ఎక్కువైతే "మోతాదు సాల్తలేదు" అని ఇంకో గ్లాసు అడిగేవాడు. నిద్ర అనేది మా గడప తొక్కడం మానేసింది. ఆయన మేలుకుంటే ఇల్లంతా మేలుకోవాల్సిందే. మంచం నవారు బిగించేవాడు, తలుపులకు నూనె వేసేవాడు, బాగున్న కుర్చీని విప్పి మళ్ళీ బిగించేవాడు. అవ్వ పిండి కలుపుతూ కునికేది. కూరలో ఉప్పు వేశానో లేదో తెలియక నేను మళ్ళీ వేసేదాన్ని. ఇప్పుడు తలచుకున్నా ఆవులింత వస్తుంది.

చివరికి అవ్వ నన్ను తోడిచ్చి బాపును డాక్టరు దగ్గరికి తోలింది. సంగతి విని ఆయన తల పట్టుకున్నాడు. "డికాక్షన్ కాదమ్మా! నిద్ర చెడగొట్టే సరుకును తీసేసిన కాఫీ!" అని, పరీక్షను కొన్నాళ్ళు వాయిదా వేశాడు. దుబాయిలో ఉన్న మా మేనమామకు సంగతి చెబితే, ఊరికొచ్చే మనిషి చేత ఆ కాఫీ సీసా ఒకటి పంపాడు.

సీసా చూశాక బాపుకి కొత్త అనుమానం. "దీనికి చెట్టే వేరా బిడ్డా?" చెట్టు అదేననీ, వేయించక ముందే పచ్చి గింజల్ని నానబెట్టి ఆ సరుకును లాగేస్తారనీ, కొందరు నీళ్ళతో, కొందరు రసాయనాలతో, కొందరు కార్బన్ డయాక్సైడ్ అనే బొగ్గుపులుసు వాయువును గట్టిగా ఒత్తి దానితో లాగుతారనీ అక్కడా ఇక్కడా చదివి చెప్పాను. ఆ చివరి మాటకు బాపు ఉలిక్కిపడ్డాడు.

"గా గాలా? గది ఉంటె దీపం ఆరుతది, గందుకే దీపం పట్టి సూసుకుంటనే గద మేం బావిల అడుగేసేది! దాన్ని సీసాల వెట్టి పంపిండా మీ మామ?"

గాలి గింజల్లో మిగలదని ఎంత చెప్పినా వినలేదు. అగ్గిపుల్ల గీసి సీసా మూతి దగ్గర పెట్టాడు. మేమూ ఊపిరి బిగబట్టాం (ఎందుకో అడగకండి). పుల్ల ఆరలేదు. "నడుస్తది" అన్నాడు. తాగి, పెదాలు తుడుచుకుని, "వాసన కాఫీదే. బొగ్గు లెక్క ఉన్నది గని మంట లేదు" అని తీర్పు చెప్పాడు. ఆ వారం మా ఇల్లు తనివితీరా నిద్రపోయింది.

పరీక్ష రోజు బాపు సైకిలు మీద ఈల వేసుకుంటూ వచ్చాడు. "గుండె మంచిగున్నదట! సోమారం కెల్లి దిగుడే!" నేను చప్పట్లు కొట్టాను. అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. బాపు బయటికి వెళ్ళాక మెల్లగా అంది, "పైన పనికి ఏస్తరేమో అనుకున్న బిడ్డా. వేళగాని వేళ సైరన్ మోగితె గుండె పట్టుకోని ఉరుకుడు తప్పుతదనుకున్న. గా సీసా రాకుంటెనే మంచిగుండు." నాకు ఒళ్ళు మండింది. బాపు సంతోషం ఈమెకు పట్టదా అనుకున్నాను.

బాపు ఏ ప్రమాదమూ లేకుండా సర్వీసు ముగించాడు. నేనిప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. మా ఆయన రాత్రి బస్సు డ్రైవరు. డిపోలో పగటి పని చూసుకోమంటే, "స్టీరింగ్ లేకుంటె నాకు తోస్తదానే?" అంటాడు. నాకూ దడ పట్టుకుంది, నాకూ డాక్టరు డీకాఫే చెప్పాడు. శ్రద్ధగా అదే తాగుతున్నాను. అయినా ఆయన డ్యూటీకి వెళ్ళాడంటే, తెల్లారి గేటు చప్పుడయ్యేదాకా కన్ను మూతపడదు.

మొన్న డాక్టరు "ఇంకా నిద్ర పట్టడం లేదా అమ్మా?" అని అడిగాడు.

"డీకాఫ్‌లో కూడా ఎంతో కొంత మిగులుతుందట కద సార్" అన్నాను.