మంగమ్మ పంది పిల్లలు

1984 వానాకాలం. తిరుపతిలో పశువ్యాధుల పరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబులో డాక్టరుగా ఉండేవాణ్ణి. మా దగ్గరికి ఎక్కువగా ఆవుల నమూనాలు, గొర్రెల నమూనాలు వచ్చేవి. పందులు పెంచేవాళ్ళు అరుదుగా వచ్చేవారు. ఎవరేమంటారోనని వాళ్ళకొక జంకు.

ఆ జంకు లేని మనిషి మంగమ్మ. వడమాలపేట దగ్గర భర్త మునెయ్యతో కలిసి సీమపందులు పెంచేది. ఒక ఉదయం చచ్చిన పంది పిల్లను వెదురుబుట్టలో పెట్టుకుని, కండక్టరు కంట పడకుండా పైన ఆముదపాకులు కప్పి, బస్సెక్కి వచ్చేసింది.

"మిగతా పిల్లలు గూడా నీళ్ళమాదిరి పారతా ఉండాయి సార్. మొన్నటిదాకా దుంకులాడినవి, ఇప్పుడు తల్లి దగ్గర పాలు తాగేదానికి గూడా లేసేది లేదు," అంది. ఊళ్ళో దొరికిన టెట్రాసైక్లిన్ పొడి అప్పటికే పట్టించి చూశారట. గుణం కనిపించలేదు.

"ఇంకేదన్నా మంచి మందు రాసియ్యండి, పోతాను."

"ఏది పనిచేస్తుందో తెలియకుండా రాస్తే మళ్ళీ ఇట్లాగే అవుతుంది మంగమ్మా. పరీక్ష చెయ్యాలి. ఎల్లుండికి గానీ తేలదు."

"ఎల్లుండిదాకా అవి బతికుండద్దా సార్?"

అంతవరకు నేను ల్యాబులో కూర్చుని ఆ మాట ఆలోచించిన మనిషిని కాదు. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, చక్కెర ఎంతెంత కలపాలో చెప్పాను. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టిస్తూ ఉండమని, కింద పొడి గోనెపట్టాలు పరిచి వెచ్చగా ఉంచమని చెప్పి పంపాను.

చచ్చిన పిల్ల పేగులోంచి నమూనా తీసి అగార్ ప్లేటు మీద పూశాను. అగార్ అంటే సూక్ష్మజీవులు పెరగడానికి ఆహారం కలిపిన జున్నులాంటి పదార్థం. మరునాటికి పెరిగిన సూక్ష్మజీవిని ఇంకో ప్లేటు నిండా పరిచి, ఒక్కో మందులో నానబెట్టిన చిన్న కాగితపు బిళ్ళలను, అంటే డిస్కులను, దూరదూరంగా పెట్టాను. మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ ఏమీ పెరగదు, ఖాళీ వలయం మిగులుతుంది. దీన్నే సెన్సిటివిటీ టెస్ట్ అంటాం.

చెప్పిన రోజు నాకంటే ముందే మంగమ్మ వరండాలో ఉంది. మూత తీయకుండానే ప్లేటు వెలుతురుకు పట్టి చూపించాను. టెట్రాసైక్లిన్ బిళ్ళ అంచుదాకా తెల్లగా పెరిగి ఉంది. స్ట్రెప్టోమైసిన్ దగ్గరా అంతే. ఫ్యురజోలిడోన్ చుట్టూ మాత్రం వెడల్పాటి వలయం.

ఆమె చాలాసేపు చూసింది. "ఇదేనా సార్ నా పిల్లల్ని తినింది? సూసేదానికి పాలమీగడ మాదిరి ఉండాదే," అంది మెల్లగా.

మాత్రలు తీసుకుని ఆమెతోపాటే బస్సెక్కాను. మునెయ్య పందుల దొడ్డిలోనే గోనెపట్టా మీద కూర్చుని, ఒళ్ళో పిల్లను పెట్టుకుని నీళ్ళు పట్టిస్తున్నాడు. గడ్డం మాసిపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇంకా రెండు పోయినాయి సార్. మిగిలినవి మింగతా ఉండాయి," అన్నాడు.

పిల్లల బరువు చూసి, మందు నూరి, నీళ్ళలో కలిపి అదే చెంచాతో పట్టించాం. ఆదివారం మళ్ళీ వెళ్ళేసరికి తల్లి పొట్ట దగ్గర వరసగా పడుకుని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఆ సన్నదాన్ని సూడండి సార్, అన్నిట్నీ తొక్కేసి ఎట్ల పోతాదో," అని మునెయ్య మురిసిపోయాడు. నేనూ చాలాసేపు ఆ దొడ్డి గోడ మీదే కూర్చుండిపోయాను.

పరీక్షకు పట్టే సమయం ఎవరూ తగ్గించలేరు. ఆ సమయమంతా జీవాన్ని నిలబెట్టుకోవడం కూడా నా పనిలో భాగమేనని మంగమ్మ అడిగిన ఒక్క ప్రశ్నతో తెలిసింది. ఆ తరవాత రిటైరయ్యేదాకా, ఎవరు ఏ నమూనా తెచ్చినా, "ఇంటి దగ్గర మిగిలినవి ఎట్లా ఉన్నాయి?" అని అడిగాకే దాన్ని చేతిలోకి తీసుకున్నాను.