పిట్టకు పెట్టిన రోజు

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి గురించి నేను మా ఇంట్లో అడగని ఏడాది లేదు. అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు టీ పెట్టడానికి లేస్తారు. మా అమ్మ “ఇంకా అదేనా?” అంటుంది. మా నాన్న కిటికీలోంచి బయటికి చూస్తాడు. పెళ్ళయిన కొత్తలో శ్రద్ధగా విన్న నా భార్య కూడా ఇప్పుడు నేను గొంతు సవరించుకోగానే పక్కగదిలోకి వెళ్ళిపోతుంది. జుట్టు నెరిసినా వదలవా అని అడిగినవాళ్ళే గానీ, నేను అడిగినదానికి జవాబిచ్చినవాళ్ళు లేరు. నోటితో అడిగి లాభం లేదని తేలింది కాబట్టి ఈసారి రాస్తున్నాను.

అప్పుడు మేము ఇంగోల్‌స్టాట్‌లో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళు. కరోనా వచ్చిన మొదటి వసంతం. బడి మూసేశారు, ఆటస్థలానికి ఎర్రా తెల్లా పట్టీ కట్టేశారు. కార్ల కంపెనీలో ఇంజనీరైన మా నాన్న వంటింటి బల్ల మీదే ఆఫీసు పెట్టుకున్నాడు. ఇంట్లోవాళ్ళతో కలిసి నడకకు వెళ్ళడం తప్ప మరేదీ కుదరని రోజులవి. మా అపార్ట్‌మెంట్ల వెనక ఆవాల పొలం దాటితే ఒక అడవి ఉండేది. అడవి అనడం పెద్ద మాటే. ఈ చివర నిలబడితే చెట్ల సందుల్లోంచి ఆ చివరి ట్రాక్టర్ కనిపించేది. పది పన్నెండు పెద్ద ఓక్ చెట్లు, కొన్ని సన్న చెట్లు, నరికి పేర్చిన కట్టెలు, ఒక కాలిబాట. రోజూ సాయంత్రం మేము వెళ్ళేది అక్కడికే.

వరంగల్‌లో మా పెదనాన్న ఉండేవాడు. నాన్నకు అన్న. తండ్రి లేని ఇంట్లో నాన్నను చదివించింది ఆయనే. బస్సు కండక్టరు. పెళ్ళి చేసుకోలేదు, ఒక మేడమీది గదిలో అద్దెకుండేవాడు. రోజూ వీడియో కాల్ చేసేవాడు. మాటలయ్యాక “రైట్ రైట్” అని అరిచి ఫోన్ పెట్టేసేవాడు. ప్రపంచంలో నాకోసం మాత్రమే ఫోన్ చేసే మనిషి ఆయనొక్కడే. అందుకే ఆయన చేసిన పని నాకు అంత గుచ్చుకుంది.

రోజంతా తెర మీద పాఠాలు వినడం వల్ల ఒక సాయంత్రం నా కళ్ళు మంట పుట్టాయి. నాకప్పుడు ‘ళ’ పలికేది కాదు. జర్మన్‌లో ఆ అక్షరం లేదు, నా నాలుకకూ లేదు. “పెదనాన్నా, నాకు కల్లు నొప్పి” అన్నాను.

“ఏందిరా? కల్లు నొప్పా? ఎన్ని ముంతలు తాగినవ్?” అని పెదనాన్న పడీ పడీ నవ్వాడు. అంతటితో ఆగినా ఊరుకునేవాణ్ణి. ఫోన్ తిప్పి, మెట్ల మీద కూర్చున్న ఇంటి ఓనరు కుటుంబానికంతా నన్ను చూపించాడు. “చూడుండ్రి, మా జర్మన్ దొరకు కల్లు నొప్పంట!” వాళ్ళు నవ్వారు. నా వెనక నిలబడిన అమ్మా నాన్నా నవ్వారు. సారీ చెప్పేదాకా నీతో మాట్లాడనన్నాను. “అబ్బో, ఎన్ని రోజులు అలుగుతవ్ బిడ్డా?” అన్నాడు. చెప్పేదాకా అన్నాను. “రైట్ రైట్” అన్నాడు.

తర్వాత తొమ్మిది రోజులు ఆయన ఫోన్ చేశాడు, తొమ్మిది రోజులూ నేను బల్ల కిందే కూర్చున్నాను. ఫోన్‌లోంచి “కల్లు దొర ఉన్నడా?” అని వినపడేది. అది సారీ కాదు. నేను ఊరికే కూర్చోలేదు కూడా. రోజూ అడవిలో ఓక్ చెట్టుకు ఎదురుగా నిలబడి కళ్ళు, పళ్ళు, నీళ్ళు, గోళ్ళు, పెళ్ళి అని గట్టిగా పలకడం సాధన చేశాను. ఆయన సారీ చెప్పగానే ఐదూ గుక్క తిప్పుకోకుండా వినిపించాలని నా పథకం. నాలుకను ఇంకొంచెం వెనక్కి మడవమని నాన్నే నేర్పాడు.

పదో రోజు నేను నిద్ర లేచేసరికి నాన్న లాప్‌టాప్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ తెల్లవారుజామున వరంగల్‌లో పెదనాన్నకు గుండె ఆగిపోయింది. విమానాలన్నీ ఆగిపోయి ఉన్నాయి, నాన్న వెళ్ళే దారి లేదు. ఇంటి ఓనరు కొడుకులు, తోటి కండక్టర్లు కలిసి అన్నీ జరిపించారు. నాన్న ఒక్కడే అడవికి వెళ్ళి ఫోన్‌లో చూశాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు చెప్పింది మాత్రం ఇది: “పెదనాన్న ఫోన్ కరాబైందిరా. దుకాణాలు బంద్ కదా, రిపేరు కాదు.”

నేను నమ్మాను. అన్నీ బంద్ అయిన రోజుల్లో ఫోన్ రిపేరు దుకాణం బంద్ అవ్వడం న్యాయంగానే తోచింది. ఫోన్ కరాబైన రోజులు అలక లెక్కలోకి రావని, బాగయ్యాకే మళ్ళీ లెక్క మొదలవుతుందని నాన్నతో ఒప్పందం చేసుకున్నాను. నాన్న “సరే” అన్నాడు. ఆ ‘సరే’ను నేను మరిచిపోలేదు. అప్పటికి పెదనాన్న లేడని అమ్మకు తెలుసు, నాన్నకు తెలుసు, పై అంతస్తులో అద్దెకుండి మాస్టర్స్ చదువుతున్న గుంటూరు అక్కకు తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

కొన్ని రోజులకు, ఒక ఆదివారం పొద్దున నాన్న స్నానాల గదిలోంచి నున్నటి గుండుతో బయటికొచ్చాడు. నేను కేకపెట్టాను. “ఫ్రిజోర్లు బంద్ కదరా, నేనే గీకేసుకున్న” అన్నాడు. నిజంగానే మంగలి దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. నాన్న ఆఫీసు వాళ్ళు కూడా తెర మీద రకరకాల సొంత క్షవరాలతో కనబడుతుండేవాళ్ళు. మా నాన్నదే అందరికన్నా బాగుందని కితాబు కూడా ఇచ్చాను. అమ్మ ఆ పూట కోడికూర వండింది, సర్వపిండి చేసింది. “ఇది పెదనాన్నకు ఇష్టం కదా” అంటే, పొయ్యి మీంచి కళ్ళు తిప్పకుండా “అవును” అంది.

“అడవికి పోయి పిట్టకు పెట్టాలె. నువ్వు కూడా రా” అన్నాడు నాన్న.

వరంగల్‌లో పెరిగిన ఏ పిల్లవాడైనా ఆ మాట వినగానే ఎవరు పోయారని అడుగుతాడు. మనిషి పోయాక, వాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆరుబయట పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. దాన్నే మావాళ్ళు పిట్టకు పెట్టడం అంటారు. నేను ఇంగోల్‌స్టాట్‌లో పెరిగాను. నాకు పిట్ట అంటే పిట్టే. చలికాలంలో మా టీచరమ్మ కిటికీకి గింజల సంచి వేలాడదీసేది, ఇదీ అలాంటిదేననుకున్నాను. చెప్పులు వెతుక్కుని అందరికన్నా ముందు బయల్దేరాను.

విస్తరాకు లేదు. నా పుట్టినరోజుకు తెచ్చిన బెలూన్ల బొమ్మల కాగితం ప్లేటు ఒకటి మిగిలితే, అమ్మ అందులోనే అన్నం, కూర, సర్వపిండి సర్ది ఓక్ చెట్టు కింద పెట్టింది. కొమ్మల మీద నాలుగైదు కాకులున్నాయి. “ఇవి మొత్తం నల్లగున్నయ్. మన కాకులేనా?” అంది అమ్మ, మెడ దగ్గర బూడిదరంగు కోసం వెతుకుతూ. “కాకి కాకే” అన్నాడు నాన్న. తర్వాత అమ్మ మెల్లగా, “కల్లు లేకపాయె” అంది. నాన్న సంచిలోంచి చిన్న బీరు సీసా తీసి, “దీంతోనే సరిపెట్టుకుంటడు” అన్నాడు.

నా చెవికి చేరింది ‘కల్లు’ ఒక్కటే. ఇన్ని రోజుల తర్వాత కూడా, అడవిలోకి తీసుకొచ్చి మరీ, ఇద్దరూ నన్నే వెక్కిరిస్తున్నారనుకున్నాను. అలిగి వెళ్ళి కట్టెల పేర్పు వెనక కూర్చున్నాను.

అప్పుడే కుక్కతో ఒక ముసలావిడ బాట మీద వచ్చి, దూరంగా ఆగి, ఏం చేస్తున్నారని జర్మన్‌లో అడిగింది. ఆ యాస నాన్నకు అర్థం కాలేదు. మా ఇంట్లో జర్మన్ నాదే కాబట్టి నన్ను పిలిచారు. కాకులకు పెడుతున్నామన్నాను. వసంతంలో వాటికి బోలెడు తిండి దొరుకుతుంది కదా అంది. ఆమె చూపు బెలూన్ల ప్లేటు మీద, బీరు సీసా మీద పడింది. “గెబుర్ట్స్‌టాగ్?” అంది.

“నాన్నా, పుట్టినరోజా అని అడుగుతోంది.”

నాన్న ప్లేటు వైపు చూశాడు. “అవునని చెప్పు” అన్నాడు.

చెప్పాను. ఆమె ముఖమంతా నవ్వుతో “ఆలెస్ గూటె!” అంది. శుభాకాంక్షలన్న మాట. నాన్న గుండు వంచి “డాంకె” అని థాంక్స్ చెప్పాడు. మా పెదనాన్నకు పిండం పెట్టిన చోట నా నోటితో పుట్టినరోజు అని చెప్పించారు. నాకు తెలియకుండా నా చేత ఆడించిన అబద్ధాల్లో నేను దేన్నైనా క్షమిస్తానేమో గానీ, దాన్ని క్షమించను.

ఆమె వెళ్ళిపోయింది. కాకులు మాత్రం దిగలేదు. నేను మళ్ళీ కట్టెల వెనక్కి పోయాను. చాలాసేపు గడిచింది. అమ్మ నాన్న చెవిలో ఏదో అంది. నాన్న ప్లేటు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. ఒక్కసారి తల తిప్పి, నేనున్న వైపు చూశాడు. తర్వాత అన్నం ముందు తల వంచి ఏదో చెప్పాడు. చిన్న మాట కాదు, పెదవులు చాలాసేపు కదిలాయి. లేచి వెనక్కి వచ్చి నిలబడగానే ఒక కాకి కిందికి దిగి, అటూ ఇటూ చూసి, కోడిముక్క ఎత్తుకుపోయింది.

అమ్మ చేతులు జోడించింది. నేను అలక మరిచిపోయి “తిన్నది! తిన్నది!” అని చప్పట్లు కొడుతూ పరిగెత్తాను. నాన్న నన్ను గట్టిగా హత్తుకుని, “నీవల్లనే తిన్నదిరా” అన్నాడు. కాకిని భయపెట్టకుండా కదలక మెదలక కూర్చున్నందుకు మెచ్చుకున్నాడనుకుని, ఆ రోజంతా గర్వంగా తిరిగాను.

మూడు వారాల తర్వాత మెట్ల మీద గుంటూరు అక్క కనబడింది. ఆమె ఎప్పుడూ నాలుగు మెట్లు పైన నిలబడి మాట్లాడేది. పెదనాన్న ఫోన్ ఇంకా బాగవ్వలేదని, బాగవ్వగానే ఓడిపోయేది ఆయనేనని చెప్పి, ఐదు మాటలూ గుక్క తిప్పుకోకుండా పలికి చూపించాను. ప్రతి ‘ళ’ సరిగ్గా పలికింది. అక్క నవ్వలేదు. మెట్టు మీద కూలబడింది.

“అయ్యో నాన్నా, నీకింకా చెప్పలేదట్రా?” అంది. “ఆ రోజు అడవికెళ్ళి కాకులకి పెట్టొచ్చారుగా. అది ఎవరికనుకున్నావు?”

దూరం పాటించాలన్న నియమం ఆ రోజు అక్కే తప్పింది. నాలుగు మెట్లూ దిగొచ్చి నా పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ ఇంటి చుట్టుపక్కల నన్ను మనిషిగా లెక్కగట్టింది ఆమె ఒక్కతే.

ఇంటికెళ్ళి నాన్ననడిగాను. చిన్నపిల్లాడివి, భయపడతావని చెప్పలేదన్నాడు. నేను భయం గురించి అడగలేదు. కాకికి ఏం చెప్పావని అడిగాను. “ఏం అనలేదు” అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు అంటుకున్నవి రెండున్నాయి. నా పిల్లలకు నేను ఏ చావునూ దాచలేదు. చుట్టాల్లో ఒకరు పోయినప్పుడు నాలుగేళ్ళ మనవరాలికి కూడా మాటను మెత్తగా చుట్టకుండా, పోయారంటే పోయారనే చెప్పాను. ఆమె ఏడ్చింది, చివరిసారి చూస్తానంది, చూపించాను. ఇక రెండోది. నేను అలగడం మానలేదు, మానను కూడా. కానీ అలిగిన రోజు సాయంత్రమే వాళ్ళకు ఫోన్ చేసి, నాకింకా కోపంగానే ఉందని చెబుతాను. అవతలివాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. గొంతు వినపడుతుంది కదా.

నాన్నకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ మాట ఎత్తగానే చెవిలో యంత్రం సర్దుకుంటాడు. కాగితానికి ఆ సాకు కుదరదు. కాబట్టి అడుగుతున్నాను నాన్నా, అన్నం ముందు కూర్చుని మా పెదనాన్నకు ఏం చెప్పావు? “వాడి కోపం పోయిందన్నా, వచ్చి తిను” అన్నావా? అలాగే అన్నావని నా అనుమానం. అన్నావంటే అది అబద్ధం. నా కోపం పోలేదు, పోయిందని నా తరఫున చెప్పే హక్కు నీకు లేదు. లేక వాడికి ‘ళ’ వచ్చేసిందని చెప్పావా? అయితే అది నేను చెప్పవలసిన మాట. నేను పది అడుగుల దూరంలో కట్టెల వెనకే ఉన్నాను. పిలిస్తే వచ్చేవాణ్ణి. ఐదు మాటలూ ఆయనకు వినిపించేవాణ్ణి. రెండింటిలో ఏది చెప్పావో, మరేదైనా చెప్పావో, ఈ కాగితం కింద రాసివ్వు. ఏం అనలేదని మాత్రం రాయకు. నీ పెదవులు కదలడం నేను చూశాను.