క్యారమ్ బోర్డుతో వాక్యం చెప్పిన మా యాకోబు మామ

నిన్న సాయంత్రం ఇస్నాపూర్ దగ్గర కంపెనీ బస్సులో కూర్చుని ఫోన్ తీశాను. ఎవరిదో స్టేటస్‌లో మా మామ ఫోటో.

కింద "ప్రభువునందు నిద్రించిన మా ప్రియ సోదరుడు" అని ఉంది.



యాకోబు మామ. మా అమ్మ తమ్ముడు. "షిఫ్ట్ అయినంక ఇంటికి రా బిడ్డా, చేపల పులుసు పెడుతున్న" అని పొద్దున్నే వాయిస్ మెసేజ్ పెట్టిన మనిషి. మధ్యాహ్నం ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఆ గందరగోళంలో అత్తమ్మకు నాకు ఫోన్ చేయాలని కూడా తోచలేదు.

ఇంతకీ ఆ స్టేటస్ పెట్టింది ఎవరో తెలుసా? మా చర్చి సంఘ పెద్ద. అందులో మామ ఫోటో చిన్నది, పక్కన కోటు వేసుకున్న తన ఫోటో పెద్దది.

ప్రియ సోదరుడట!

ఒళ్లు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది. ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తోంది, ఏం చేయను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మామ పాశమైలారంలో ఫిట్టర్. ఒకప్పుడు ఆదివారాలు మా చిన్న చర్చిలో సండే స్కూల్ టీచర్. గొడుగు, తాళం కప్ప, గాలం, చేతికి ఏది దొరికితే దాంతోనే పిల్లలకు బైబిల్ వాక్యం చెప్పేవాడు.

ఒకసారి టిఫిన్ క్యారియర్ పట్టుకొచ్చాడు. ముందు రోజు బస్సులో దాని క్లిప్ ఊడి, చారంతా పక్కన కూర్చున్న సూపర్‌వైజర్ ప్యాంటు మీద పడిందట. పిల్లలు పడీ పడీ నవ్వారు.

"నవ్వుడు అయ్యిందా? డబ్బాలు మంచిగనే ఉన్నయ్, చారు మంచిగనే ఉంది. క్లిప్ పెట్టుడు మర్చిన, గంతే. పొద్దుగాల ప్రార్థన గూడ గట్లనే. మర్చిపోయి బస్సెక్కితె దినమంత పక్కోని మీద ఒలుకుతం" అన్నాడు.

ఇప్పటికీ నేను పొద్దున్నే ఎవరి మీదైనా అరిస్తే మా ఆయన "క్లిప్ పెట్టలేదా?" అని అడుగుతాడు.

కానీ మామ ప్రాణమంతా క్యారమ్స్.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఆదివారం బోర్డు చర్చికే తెచ్చాడు. చాప మీద పెట్టి, పౌడర్ చల్లి, ఒక్క దెబ్బకు రెడ్ కాయిన్ వేశాడు. పిల్లలు ఒకటే చప్పట్లు. తర్వాతి కాయిన్ కావాలనే మిస్ చేశాడు.

"ఇగ రెడ్ ఏడికి పోవాలె?"

"మళ్ల మధ్యలకు!" అని పిల్లలు అరిచారు.

"ఆ. రెడ్ ఒక్కటి పడితె సాలదు, ఎన్కనే ఇంకో కాయిన్ ఫాలో పడాలె. తప్పయిందని దేవుని ముంగట ఏడ్చుడు రెడ్డు. తెల్లారి పోయి, కొట్లాడినోనితోని మాట్లాడుడు ఫాలో. అది లేకుంటె నీ ఏడుపు మళ్ల మధ్యలకే."

అంతలో సంఘ పెద్ద లోపలికి వచ్చాడు.

"ఏంటయ్యా ఇది? దేవుని మందిరంలో జూదమా?"

బోర్డు ఎత్తి గేటు బయటికి విసిరేశాడు. కాయిన్లు మురుగు మోరీలో పడ్డాయి. ఇంకెప్పుడూ పిల్లలకు పాఠం చెప్పొద్దని పిల్లల ముందే అన్నాడు.

జూదమట. జన్మలో పందెం కాయని మనిషిని పట్టుకుని!

మామ మోరీలో చెయ్యి పెట్టి కాయిన్లు ఏరుకున్నాడు. మళ్లీ ఆదివారం వచ్చి చివరి చాప మీద కూర్చున్నాడు. అప్పటి నుంచి ప్రతి వారం గుమ్మం దగ్గర "వందనాలన్నా" అనేవాడు. సంఘ పెద్ద మొహం తిప్పుకునేవాడు. మామ బతికున్నంత కాలం ఒక్క వందనం తిరిగి చెప్పలేదు.

నేను పళ్లు కొరుక్కుంటుంటే మామ "ఇడిసిపెట్టు బిడ్డా, నేనైతే ఇడిసిన" అనేవాడు.

నువ్వు విడిచావు మామా. నేను విడవలేదు.

నిన్న నేను మామ ఇల్లు చేరేసరికి ఆ పెద్దమనిషి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్తమ్మతో అంటున్నాడు: "సమాధి దగ్గర వాక్యం నేనే చెప్తానమ్మా. సమాధుల తోట సంఘానిది. మీరే ఆలోచించుకోండి."

అత్తమ్మ నన్ను పక్కకు లాగింది. "ఊకో బిడ్డా. ఆయనతోని పెట్టుకుంటె జాగ ఇయ్యడు. మీ మామను ఏడ పెట్టాలె?"

భర్త పోయిన పూటే ఒక ఆడమనిషికి ఈ భయం పెట్టాడు చూడండి.

పాస్టర్ అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన మొత్తం విన్నారు. తర్వాత "జాగ గురించి పరేషాన్ గాకు తల్లీ, అది నేను సూసుకుంట. ప్రార్థన, వాక్యం నేను జేస్త. మీ మామ గురించి సాక్ష్యాలు ఎవరు చెప్పాల్నో మీ ఇంటోళ్ల ఇష్టం" అన్నారు.

కాబట్టి అందరూ వినండి.

ఈ రోజు మూడింటికి సమాధుల తోటలో మైక్ నా చేతిలో ఉంటుంది.

మామ దగ్గర సండే స్కూల్‌కి వచ్చిన ప్రతి ఒక్కరూ రండి. గడ్డపోతారంలో డ్యూటీ ఉన్నవాళ్లు యూనిఫామ్ మీదే వచ్చేయండి. మామ మీకు దేనితో ఏం నేర్పాడో చెప్పండి. క్యారమ్ సంగతి తప్పకుండా చెప్పండి. బోర్డు ఎవరు విసిరేశారో పేరుతో సహా చెప్పండి.

తొందరేం లేదు, నిదానంగా చెప్పండి.

సంఘ పెద్ద గారూ, మీరూ ఈ పోస్ట్ చూస్తారని తెలుసు. తప్పకుండా రండి. ముందు వరసలో, మామ పెట్టెకు ఎదురుగా మీకు కుర్చీ వేయించాను. నీడ ఉండదు. మధ్యలో లేచిపోతే ఊరంతా చూస్తుంది.

మైక్ మాత్రం మీకు రాదు.

ఇది క్షమించడం కాదని నాకూ తెలుసు. మామ ఉంటే ఆ మైక్ నా చేతిలోంచి లాక్కుని మీకే ఇచ్చేవాడు.

ఇప్పుడు నన్ను ఆపడానికి మామ లేడు.

పోయిరా మామా. ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి. నాకు మాత్రం ఈ ఒక్క రోజు వద్దు.