టిల్బీ వాళ్ల రీలు

"మీ ఆవిడ వస్తుందా, రాదా? ముందు ఆ సంగతి తేల్చండి."

హాస్కెట్ స్కూలు బోర్డు అధ్యక్షుడు హోయ్ట్ స్ట్రిక్లండ్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆయనకి జిన్నింగు మిల్లుంది. మనిషిని కూడా దూదిని చూసినట్టే, వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. ఎదురుగా కూర్చున్న ఓడెల్ ప్రూయిట్‌కి యాభై రెండేళ్లు. టెక్సస్ ఉత్తర కొసన ఏడు ఊళ్లలో, ఇరవై నాలుగేళ్లు, ఇంకో ఫుట్‌బాల్ కోచ్ కింద పనిచేశాడు. పెద్ద కోచ్ పనికి తొమ్మిది ఊళ్లకి అర్జీలు పెడితే పిలిచింది ఈ ఊరొక్కటే.

"క్రిస్మస్ కల్లా వచ్చేస్తుంది," అన్నాడు.

నెల్డా రానని అప్పటికే చెప్పేసింది. టిల్బీలో, అంటే వాళ్ల ఏడో ఊళ్లో, ఆవిడకి లైబ్రరీలో పనుంది. "ఏడుసార్లు పింగాణీ సామానంతా పేపర్లలో చుట్టాను, ఓడెల్. ఎనిమిదోసారి చుట్టను. నువ్వెళ్లు," అంది. కోపంగా అనలేదు. కోపమైతే బతిమాలుకుని ఉండేవాడు.

ఈ పనిలో ఉద్యోగం ఇద్దరికీ ఇస్తారు, జీతం ఒకరికే. కోచ్ భార్య గ్యాలరీలో అందరికీ కనబడేలా కూర్చోవాలి. ఓడిన శుక్రవారం కూడా నవ్వాలి. ఆదివారం చర్చిలో, కొడుకుని ఆడించలేదని మూతి ముడుచుకున్న తల్లుల్ని పలకరించాలి. భార్య రాని కోచ్ అంటే, హాస్కెట్ లెక్కలో, పెట్టె విప్పని కోచ్. అలాంటివాణ్ని డిసెంబరులో బోర్డు సాగనంపేస్తుంది. ఫుట్‌బాల్, అంటే అక్కడ బంతి చేతబట్టి ఒకరినొకరు గుద్దుకుంటూ పరుగెత్తే ఆట, కుర్రాళ్లని మగాళ్లని చేస్తుందని ఆ స్కూలు గోడ మీద రెండడుగుల అక్షరాలతో రాసి పెట్టుకున్నారు. కోచ్‌ని ఏం చేస్తుందో ఏ గోడ మీదా రాయరు.

ఓడెల్ మాట నమ్మి పని ఇచ్చారు. అద్దె ఇంట్లో ఒక పరుపు, రెండు మడత కుర్చీలు, స్కూలు వాళ్ల ప్రొజెక్టరు. అంతే సామాను. ఆగస్టులో ఆడవాళ్లు నూడుల్స్, చీజు కలిపి బేక్ చేసిన గిన్నెలు తెచ్చిచ్చారు. ప్రతి గిన్నె అడుగునా ప్లాస్టరు ముక్క మీద ఇంటావిడ పేరు. ఇద్దరికని తెచ్చినదాన్ని రెండు పూటలు తిని, గిన్నె తోమి, ఎవరిది వాళ్లకి తిరిగిచ్చేవాడు. అక్టోబరు వచ్చేసరికి గిన్నెలు రావడం ఆగిపోయింది. "మీ ఆవిడ రానీండి, అప్పుడు మళ్లీ తెస్తాం," అన్నారు. ఆ తర్వాత డబ్బాలో బీన్సు వేడిచేసుకుని, పొయ్యి దగ్గరే నిలబడి తినేవాడు.

తొమ్మిది ఆటల్లో అయిదు గెలిచారు. ఆఖరిదైన పదో ఆట టిల్బీతో, టిల్బీలోనే. కాఫీ హోటల్లో స్ట్రిక్లండ్ ఓడెల్ భుజం మీద చెయ్యేశాడు.

"టిల్బీని కొట్టండి కోచ్. మిగతావన్నీ మర్చిపోతాం. మీ ఆవిడ సంగతి కూడా."

శనివారం పొద్దున రెండూళ్ల కోచ్‌లూ సగం దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర కలిసి, తమ కిందటి ఆట రీళ్లు మార్చుకున్నారు. వాళ్లలో అది మామూలే. ఎదుటివాడి ఆట చూడకుండా ఎవరూ మైదానంలోకి దిగరు. ఆదివారం మధ్యాహ్నం ఓడెల్ ఇంటి తెల్లగోడ మీద రీలు తిరుగుతోంది. పక్క కుర్చీలో రోలండ్ కుబెనా. వారమంతా లెక్కలు చెబుతాడు, సాయంత్రాలు ఓడెల్‌కి సహాయ కోచ్.

రీలు సగంలో ఉండగా టిల్బీ కుర్రాడొకడు బంతి చంకలో పెట్టుకుని ఎడమ అంచు వెంబడి పరుగెత్తాడు. కెమెరా వాడితోపాటు తిరిగింది. అవతలి గ్యాలరీ నాలుగు సెకన్లు గోడ మీదకొచ్చింది. మూడో వరసలో నెల్డా. ఒడిలో దుప్పటి, సగం తన మీద, సగం పక్కావిడ మీద. తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. నలుపు తెలుపు రీలే. అయినా ఆ కోటు ఎర్రదని ఓడెల్‌కి తెలుసు. లబక్ పట్నంలో కొన్నది తనే.

వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

"ఇది తొమ్మిదోసారి కోచ్," అన్నాడు కుబెనా. "నాకు గడ్డి తప్ప ఏం కనబడ్డం లేదు. ఏముంది ఇందులో?"

"ఆ చివరివాడి కాళ్లు చూడు."

కుబెనా చూశాడు. బుర్ర గోక్కున్నాడు. మేష్టారు ఏదైనా తొమ్మిదిసార్లు చూపించారంటే పరీక్షలో వస్తుందనే అర్థం. పుస్తకంలో "ఎడమ అంచు" అని రాసుకుని రెండు గీతలు కొట్టాడు.

సోమవారం ఓడెల్ మైదానానికి వచ్చేసరికి, కుబెనా చెప్పినట్టు, కుర్రాళ్లు ఎడమ అంచుకి కాపలా కాస్తూ చెమటలు కక్కుతున్నారు. వద్దంటే ఆగిపోయేది. కానీ వద్దంటే ఎందుకని అడుగుతారు. మంగళవారం కూడా ఊరుకున్నాడు. బుధవారానికి, ఏమో, నిజంగానే ఆ పరుగులో ఏదో ఉందేమోనని తనకే అనిపించింది. గురువారం అక్కడ ఇంకో కుర్రాణ్ని పెట్టమన్నది తనే.

శుక్రవారం టిల్బీ వాళ్లు ఎడమ అంచు ముఖమే చూడలేదు. ఆట మొత్తం మధ్యలోంచే దూసుకుపోయారు. టిల్బీ ఇరవై ఎనిమిది, హాస్కెట్ ఆరు. కంచె పట్టుకుని స్ట్రిక్లండ్ అరుస్తున్నాడు: "తలుపులెలాగూ తీసేశారుగా కోచ్, గుమ్మం కూడా పీకేయండి!"

ఆట అయ్యాక కుర్రాళ్లు బస్సెక్కుతుంటే నెల్డా కంచె దాకా వచ్చింది.

"చిక్కిపోయావు."

"చలికి అలా ఉన్నాలే."

"నీ మొహం. బీన్సు డబ్బాలేగా తింటున్నావు?" కంచె తీగ మీద చెయ్యి వేసింది. "అది సరే గానీ, ఎడమ పక్క ఆ ముగ్గురి కాపలా ఏంటి? ఆ పరుగు మేం ఈ ఏడాది ఒక్కసారే తీశాం. అదీ నా పక్కన కూర్చునే డార్లీన్ కొడుకు సైగ మర్చిపోయి అటు పోయాడు. నేను నవ్వాపుకోలేక చచ్చాను."

"రీల్లో బాగా కనబడింది."

"అంత పిచ్చి ఆటని నువ్వు చూసీ పట్టుకోలేదా? ఇరవై నాలుగేళ్లలో నువ్వు ఇలా పొరబడ్డం ఎప్పుడూ చూళ్లేదు, ఓడెల్."

తొమ్మిదిసార్లూ తను చూసిందేంటో చెప్పి ఉంటే బాగుండేదేమో. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు.

"క్రిస్మస్‌కి..." అన్నాడు.

"అడక్కు," అంది నెల్డా. "అడిగితే కాదనాలి. ఇంతమంది ముందు నీకా మాట చెప్పడం నాకిష్టం లేదు."

ఆట అయ్యాక ఎవరి రీలు వాళ్లకిచ్చేయాలి. డబ్బా పట్టుకెళ్లి టిల్బీ కోచ్ చేతిలో పెట్టాడు. బస్సులో ముందు సీట్లో, పక్కన ఎవరూ లేకుండా, తొంభై మైళ్లు వచ్చాడు. దారిలో కుబెనా ఒక్కసారి మాత్రం వెనకనుంచి వంగి, "ఆ కాళ్లు, కోచ్..." అన్నాడు. మళ్లీ వెనక్కి వాలాడు.

డిసెంబరులో బోర్డు పది నిమిషాలు కూర్చుని ఓడెల్‌ని సాగనంపింది. "మనసులో పెట్టుకోకండి," అని చెయ్యి కలిపాడు స్ట్రిక్లండ్. ఒప్పందంలో ఇంకో ఏడాది మిగిలింది కనుక ఆ జీతం నెలనెలా పంపుతామని కాగితం రాసిచ్చారు. ఎనిమిది నెలలు పంపారు. మిగిలిన నాలుగు నెలలవి, ఎనిమిది వేల నాలుగు వందల డాలర్లు, ఓడెల్ ప్రూయిట్‌కి ఇప్పటికీ రాలేదు.