సీసాకు తొడిగిన చొక్కా

"పారేస్తానంటే పారేస్తా! ఐదేండ్ల పిల్లోనికి పాలసీసా ఏందిమా? బస్సులో జనం నా మొగం చూసి నవ్వుతాండారు."

"పారేయ్. పారేసినాక వాని నోట్లో ఏం పెడతావో అది చెప్పు ముందు. నీ సిగ్గు పెడతావా?"

మహేశ్ మెట్ల మీదే ఆగిపోయాడు. బొమ్మనహళ్ళిలోని ఆ ఇరుకు వఠారంలో జగడం దాచుకోవడం ఎవరి వల్లా కాదు. కింద బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు కొళాయి కాస్త తగ్గించి మరీ వింటున్నారు. అరుస్తున్నది అక్క శిరీష. బదులిస్తున్నది అమ్మ అలివేలు. ఇద్దరి మధ్యా గోడకు ఆనుకుని, చెవులు మూసుకుని ఊగుతున్నవాడు శిరీష కొడుకు లలిత్.

ఆ వఠారం ఇప్పుడు లేదు. పడగొట్టి పీజీ హాస్టల్ కట్టారు. అయినా ఆ దారిన బండి మీద వెళ్లినప్పుడల్లా మహేశ్ చెవిలో ఆ జగడమే మోగుతుంది. అప్పుడు తల పగిలేది. ఇప్పుడెందుకో తియ్యగా ఉంటుంది.

అలివేలుది కదిరి దగ్గర పల్లె. మేస్త్రీ పని చేసే మొగుడి వెంట బెంగళూరు వచ్చింది. ఆయన పోయాక గార్మెంట్స్‌లో చేరింది. ఆమె మిషన్ మీదికి వచ్చేవి కాలర్లు మాత్రమే. చేతులు ఒకరు, జేబులు ఒకరు, కాలర్లు ఈమె. "నా బతుకంతా మెడకాయలే" అని నవ్వేది. మిషన్ల మోతకు అలవాటుపడి ఆమె గుసగుస కూడా పక్కింటికి వినబడేది. మహేశ్ ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి పెట్టె పట్టుకుని ఇంటికొచ్చిన రోజు మాత్రం గొంతు లేవలేదు. "తిన్నావా?" అని అడిగిందంతే. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆమెకు ఎవరిని చూసినా మొదట తోచే ప్రశ్న అదే. అలాంటి మనిషికి తినని మనవడు దొరికాడు.

లలిత్‌కు ఆటిజం. అన్నం వాసన తగిలితే డోకు. ఇడ్లీ ముక్క పెదవికి తగిలితే నిప్పు తగిలినట్టు వెనక్కి దూకేవాడు. ఆ ఒక్క సీసా, అందులో పాలు, అంతే. పళ్లు పుచ్చాయి, ఒంట్లో రక్తం లేదు. పాలతోనే నెట్టుకొస్తే పిల్లాడు నిలవడని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆకలేస్తే వాడే తింటాడని వఠారమంతా సలహా ఇచ్చింది. సరేనని ఒకరోజు సీసా దాచారు. వాడు తినలేదు, తాగలేదు, చివరికి ఏడవడం కూడా మానేశాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆ సలహా ఇచ్చిన వాళ్ల ముందు అలివేలు తలుపు వేసేసేది.

తిండి నేర్పే థెరపిస్టు సహన. పిల్లాణ్ణి బలవంతపెట్టొద్దంది. పళ్లెం ముందు కూర్చోనివ్వాలి, ముట్టుకోనివ్వాలి, తినకపోయినా ఏమీ అనకూడదు. ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చాలి.

"తినకపోయినా పర్వాలేదంట! ఇది చెప్పేదానికి అంత చదవల్లనా?" అని అలివేలు దారి పొడవునా గొణిగింది. ఇంటికొచ్చి మాత్రం ఆ అమ్మాయి చెప్పినట్టే చేసింది.

ఆ సీసాకు ఒక చొక్కా ఉండేది. వేడి పాలకు చేతులు కాలకుండా, హోసూరు రోడ్డు పక్కన కుప్పపోసి అమ్మే ముక్కల్లోంచి నీలం గళ్ల గుడ్డ తెచ్చి తొడుగు కుట్టింది. చెయ్యి ఊరుకోదు కదా, దానికొక బుల్లి కాలరు కూడా పెట్టింది. పాలు తాగినంతసేపూ లలిత్ ఆ కాలరు అంచును బొటనవేలితో రాస్తూ ఉండేవాడు.

ఉగాది ముందురోజు అలివేలు ఇంట్లో బట్టలన్నీ ఉడకబెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది. సీసా చొక్కానూ వదల్లేదు. పండగ పూట లలిత్ సీసా అందుకున్నాడు, కాలరు మీద వేలు పెట్టాడు, సీసాను గోడకేసి కొట్టాడు. అదే సీసా, అవే పాలు. మళ్లీ ఆసుపత్రేనని శిరీష ఏడుపు. అలివేలు కాసేపు ఆ కాలరు కేసే చూసింది. తర్వాత దాన్ని నీళ్లలో ముంచి, పిండి, ఆరేదాకా అరచేతుల మధ్య నలుపుతూనే కూర్చుంది. సాయంత్రానికి అది మెత్తబడింది. వాడు తాగాడు.

సంగతి విని సహన నవ్వింది. "ఆంటీ, వాడికి కావాల్సింది సీసా కాదేమో. చొక్కానేమో."

అలా ఆ చొక్కా స్టీలు గ్లాసుకు ఎక్కింది. మొదట ఖాళీ గ్లాసు. లలిత్ దాన్ని ఒళ్లో పెట్టుకుని కాలరు రాసుకుంటూ ఉండేవాడు, పక్కన సీసా ఉండేది. తర్వాత గ్లాసు అడుగున గుక్కెడు పాలు. ఎన్నో రోజులు అవి అలాగే చల్లారిపోయాయి. ఒక మధ్యాహ్నం అందరూ సంగటి తింటుంటే వాడు గ్లాసు ఎత్తి అంచు నాకాడు. సగం పాలు నేల మీద, సగం బనీను మీద. శిరీష నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏడవాకు మే! సుమ్నె, గమ్మునుండి తిను. చూస్తే ఆపేస్తాడు" అని అలివేలు గదిమింది. అని తను మాత్రం తల తిప్పకుండా, ఓరకంట చూస్తూ, ఖాళీ పళ్లెంలో చెయ్యి కలుపుతూనే ఉంది.

పాల తర్వాత పలచటి రాగి అంబలి, ఆ తర్వాత చిక్కటిది, చాలాకాలానికి మెత్తటి పెరుగన్నం. అన్నీ ఆ గ్లాసులోనే, ఆ చొక్కాతోనే.

ఇప్పుడు వాళ్లుండేది కె.ఆర్.పురంలో. లలిత్ మామ భుజం దాకా వచ్చాడు. గ్లాసు చొక్కాలు చిరుగుతూనే ఉంటాయి, మహేశ్ చిక్కపేటలో ఆ నీలం గళ్ల కోసం తిరుగుతూనే ఉంటాడు. పాత ముక్క చేతపట్టుకుని వెతికే ఇతన్ని చూసి కొట్లవాళ్లు నవ్వుతారు. ఆ రకం గుడ్డ రావడం తగ్గిపోయింది. సీసా పోయి చొక్కా పట్టుకుంది, అది దొరకని రోజు వీడు మళ్లీ నోరు మూసేస్తే ఏం గతి? ఈ భయం మహేశ్ ఎవరికీ చెప్పలేదు.

మొన్న అతను బండి తీస్తుంటే అలివేలు వాకిట్లోకి వచ్చింది.

"రే, చిక్కపేటకా?"

"నీలం గళ్లేగదమ్మా, గుర్తుండాది."

"అది కాదప్పా. ఈసారి అదే తేవాకు. గళ్లుండల్ల, నీలముండల్ల, దాంట్లో ఒక్క ఎర్రదారం పోయుండల్ల. ఒకసారికి ఒక్కటే. బాగా వేరేది తెచ్చినావో, నీ మెడకే కుడతా కాలరు."