పౌడర్ పూయనివ్వని మాస్టర్

మా మాస్టర్ పోయారు. సినిమాల్లో నటించడానికి కుక్కలను తయారుచేసే పని నాకు చేయి పట్టుకుని నేర్పిన మనిషి. నేను ఇవాళ నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆయన చలవే. ఫిల్మ్‌నగర్‌లో వాళ్లింటికి చేరేసరికే అంతా అయిపోయింది, గుండెపోటట. మా వాట్సాప్ గ్రూపులో మాత్రం దండాలూ పూలూ వరసకట్టాయి. అవి పెట్టినవాళ్లలో సగంమంది, మాస్టర్ బతికుండగా ఆయన ఫోన్ ఎత్తినవాళ్లు కాదు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది.

మాస్టర్ పొద్దున లేస్తూనే, టీ కూడా తాగకుండా, కుక్క పొట్ట చూసేవారు. బొచ్చు పాయలు తీసి, చంకల్లో, వేళ్ల సందుల్లో ఎక్కడైనా ఎర్రబడిందేమోనని వెతికేవారు. చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తుంటే నేను మొహం తిప్పుకునేదాన్ని.

"ఏందమ్మా, గట్ల జేస్తవ్? ముందుగాల చెవే చెప్తది," అని నవ్వేవారు.

బంటి ఆయన లాబ్రడార్. దానికి కోడిమాంసం పడదు. తిన్నదంటే పొట్టంతా దద్దుర్లు, నెత్తురొచ్చేదాకా గోక్కోవడం. ఈ సంగతి డాక్టరు తేల్చి చెప్పాక మాస్టర్ ఇంట్లో కోడి వండటమే మాన్పించారు. సెట్‌కు వెళ్తే కనపడ్డవాళ్లందరికీ చెప్పుకునేవారు: "నోరు లేని జీవి. చేతికొచ్చిందల్లా పెట్టకుర్రి." వినేదెవరు? మనవాళ్లకు ప్రేమ పొంగితే బిర్యానీ ముక్క పెట్టాల్సిందే కదా!

ఒక పెద్ద సినిమాలో అదే జరిగింది. భోజనాల దగ్గర ఎవరో ముద్దుచేసి బంటికి ముక్కలు పెట్టారు. తెల్లారేసరికి పొట్టంతా ఎర్రగా పొక్కిపోయింది. ఆరోజు అది హీరోయిన్ ఒళ్లో వెల్లకిలా పడుకోవాలి. ప్రొడక్షన్ మేనేజర్ మేకప్‌మన్‌ను కేకేశాడు.

"పొట్టమీద పౌడర్ కొట్టెయ్! ఒక్క షాటే కదండీ మాస్టర్. కుక్కే కదా!"

మాస్టర్ గొంతు పెంచలేదు. "గా పుండ్ల మీద పౌడరా? నేను పూయనియ్య సార్," అని బంటిని తీసుకుని తిన్నగా జూబ్లీహిల్స్‌లో డాక్టరు దగ్గరికి వెళ్లిపోయారు.

మందులు వాడితే దద్దుర్లు తగ్గాయి. మాస్టర్‌కు మాత్రం మళ్లీ పిలుపు రాలేదు. షూటింగ్ ఆపిన మనిషని పేరు పడిపోయింది. ముక్క పెట్టినవాణ్ణి ఒక్కరూ ఒక్కమాట అనలేదు! ఫోన్ మోగితే చాలు, మాస్టర్ లేచి చొక్కా సర్దుకునేవారు.

కర్మ రోజున ఆ మేనేజరే వచ్చాడు. ఫొటోకు దండ వేశాడు. ఇటు తిరిగి బంటి పొట్ట చూశాడు.

"ఇప్పుడు బాగుందిగా! రేపు షూటింగ్‌కి పంపిస్తారా అండీ?"

సిగ్గుండక్కర్లేదూ! నోటికొచ్చిన నాలుగు మాటలూ అనేసేదాన్నే. మాస్టర్ భార్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు బిడ్డా. ఇల్లు గడవాలె. నువ్వు ఎంబడి పో. ఎవ్వర్నీ ఏం పెట్టనియ్యకు."

మర్నాడు కారొచ్చింది. షూటింగ్ అంటే బంటికి ప్రాణం. తోకాడిస్తూ వెనక సీటెక్కి, అవతలి కిటికీ వైపు జరిగి కూర్చుంది. నేను ముందు సీట్లో కూర్చున్నాను. డ్రైవరు వెనక తలుపు మూయబోతే ఇంటి గుమ్మం వైపు చూసి మొరిగింది, ఎక్కాల్సిన మనిషి ఇంకా ఉన్నారని.